కరెంటు లెక్క తప్పిన చోట

1833. లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే నీటిలోకి కరెంటు పంపి, విడిపోయి పైకొచ్చే హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులను గాజు గొట్టంలో పడుతున్నాడు. ఎంత కరెంటు పోతే ఎంత పదార్థం విడిపోతుంది? ఆయనకు కావలసింది ఈ ఒక్క ప్రశ్నకు జవాబు. అందుకు వాయువును వెంట్రుకవాసి తేడా లేకుండా కొలవాలి. అక్కడే చిక్కొచ్చి పడింది. బ్యాటరీ తీగలు విప్పేసి గొట్టాన్ని అలాగే వదిలేస్తే లోపలి వాయువు తరిగిపోతోంది. చిల్లు లేదు, బయటికి పోయే దారి లేదు. అయినా గొట్టంలోకి నీరు మెల్లమెల్లగా పైకెక్కుతూనే ఉంది.

కొలత చెడగొట్టే ఆ చిక్కును ఫారడే పక్కకు నెట్టేయలేదు. అసలు పని ఆపి దాని వెంటే వెళ్లాడు. గొట్టంలో ఉన్న ప్లాటినం రేకులే ఆ పని చేస్తున్నాయని తేలింది. విడిపోయిన రెండు వాయువులూ ఆ రేకు మీద చేరి, మంట లేకుండా, వేడి చేయకుండా మళ్లీ నీరైపోతున్నాయి. ఇంకో వింత కూడా కంటబడింది. బ్యాటరీ ధన ధ్రువానికి కలిపి ఉంచిన రేకుకు ఈ శక్తి అన్నిటికన్నా బాగా అబ్బింది. అంటే ఆ శక్తిని కరెంటే ఇచ్చిందా? ఆ అనుమానంతో ఆయన కరెంటు తగలని రేకులను కాల్చి చూశాడు, ఆమ్లంతో కడిగి చూశాడు. శుభ్రంగా తోమిన రేకులకు కూడా ఆ శక్తి వచ్చింది. కరెంటు చేసింది శుభ్రం చేయడమేనని, అసలు గుణం శుభ్రమైన లోహతలానిదేనని 1834లో రాశాడు.

ఆ తీర్పులో తప్పు లేదు. కానీ దానితో ఒక ప్రశ్న అరలోకి వెళ్లి కూర్చుంది. లోహం మీద జరిగే రసాయన చర్యను కరెంటుతో పెంచి, తగ్గించి మన అదుపులో పెట్టుకోగలమా? ఆ ప్రశ్న మళ్లీ బయటికి రావడానికి దాదాపు 150 ఏళ్లు పట్టింది.

ఫారడే రోజుల్లో ఆ గుణానికి పేరు కూడా లేదు. ప్లాటినం మహిమను మాత్రం లోకం అప్పటికే చూసింది. 1823లో జర్మనీలోని యేనాలో డోబరైనర్ అనే రసాయన శాస్త్రవేత్త, మెత్తటి ప్లాటినం పొడి మీదికి హైడ్రోజన్‌ను సన్నటి ధారగా వదిలితే పొడి ఎర్రబడి వాయువు భగ్గుమనడం చూశాడు. అగ్గిపుల్లలు ఇంకా ఇళ్లకు చేరని ఆ కాలంలో అదే సూత్రంతో దీపం వెలిగించే సాధనం తయారైంది. 1835లో స్వీడన్‌కు చెందిన బెర్జీలియస్ ఈ గుణానికి ఒక పేరు పెట్టాడు. దాన్నే మనం ఉత్ప్రేరణ అంటున్నాం. చర్యలో చేయి కలిపి, దాన్ని వేగంగా నడిపించి, చివరికి తాను ఖర్చు కాకుండా మిగిలేది ఉత్ప్రేరకం.

ప్లాటినం, హైడ్రోజన్‌ల మధ్య సులువుగా కుదిరిన స్నేహం మిగతా పదార్థాల మధ్య కుదరలేదు. గాలిలో ఐదింట నాలుగు వంతులకు దగ్గరగా ఉన్న నైట్రోజన్‌నే చూడండి. దాని రెండు పరమాణువులూ మూడు బంధాలతో ఒకదాన్నొకటి బిగించి పట్టుకుని ఉంటాయి. 1909లో ఫ్రిట్జ్ హేబర్ ఆ పట్టు విడిపించి అమ్మోనియా చేసి చూపాడు. 1913లో కార్ల్ బాష్ ఆ పద్ధతిని ఒప్పావు కర్మాగారంలో నిలబెట్టాడు. అయితే ఇనుప ఉత్ప్రేరకం కదలాలంటే 400 నుంచి 500 డిగ్రీల సెల్సియస్ వేడి కావలసి వచ్చింది. అమ్మోనియా తయారీలో ఒక పేచీ ఉంది. వేడి పెంచితే చర్య వేగం పెరుగుతుంది, కానీ తయారైన అమ్మోనియా మళ్లీ విడిపోవడం కూడా పెరుగుతుంది. ఆ నష్టం పూడ్చుకోవడానికి వాతావరణ పీడనానికి నూరు రెట్లు మించిన ఒత్తిడి పెట్టాలి. దానికి కావలసిన హైడ్రోజన్‌ను సహజవాయువు నుంచి ఆవిరితో రాబట్టే కొలిమి ఇంకా వేడి, 700 నుంచి 900 డిగ్రీలు. మన రామగుండం కర్మాగారంలో తయారయ్యే యూరియా బస్తా కూడా ఈ రెండు మంటలూ దాటే పొలానికి చేరుతుంది.

ఉత్ప్రేరకం పని జరిగేది దాని పైతలం మీద, పరమాణువంత మందంలో. ఆ పొరను కదిలించడానికి మనం కొలిమి మొత్తాన్ని కాలుస్తున్నాం. మేల్కొలపాల్సింది ఒక్క మనిషిని, లేపుతున్నది ఊరంతటినీ. ఆ ఒక్కరి భుజం మాత్రమే తట్టే మార్గం లేదా?

ఆ మార్గం ఒక దీపం కథతో మొదలైంది. 1897లో గోటింగెన్‌లో వాల్టర్ నెర్న్‌స్ట్ కొత్త రకం విద్యుద్దీపం తయారుచేశాడు. అందులో వెలిగేది లోహపు తీగ కాదు, జిర్కోనియాలో కొంచెం యిట్రియా కలిపి చేసిన పింగాణీ పుల్ల. చల్లగా ఉన్నప్పుడు ఆ పుల్లలోంచి కరెంటు పోదు. ముందు వేడి చేస్తే కరెంటును పోనిస్తుంది, ఆపైన తన వేడితో తానే వెలుగుతుంది. టంగ్‌స్టన్ దీపాలు రాగానే ఆ దీపం మూలపడింది. కానీ పింగాణీలోంచి కరెంటు ఎలా పోతోందన్న ప్రశ్న మిగిలింది. 1943లో కార్ల్ వాగ్నర్ దాన్ని విప్పాడు. యిట్రియా కలిపినందువల్ల పింగాణీ అల్లికలో అక్కడక్కడా ఆక్సిజన్ ఉండాల్సిన చోట్లు ఖాళీగా మిగులుతాయి. వేడెక్కినప్పుడు ఆవేశం మోస్తున్న ఆక్సిజన్ అయాన్లు ఆ ఖాళీల్లోకి ఒకదాని వెనక ఒకటి జరుగుతూ ముందుకు సాగుతాయి. తీగలో ఎలక్ట్రాన్లు నడిచినట్టు ఈ పింగాణీలో ఆక్సిజనే నడుస్తుంది.

1970లో, పెద్ద వయసులో, వాగ్నర్ మరో సూచన చేశాడు. ఈ పింగాణీకి ఒక వైపు గాలి, రెండో వైపు ఉత్ప్రేరక లోహపు పలచటి పొర ఉంచితే, రెండు వైపుల మధ్య పుట్టే వోల్టేజీని బట్టి చర్య జరుగుతుండగానే లోహం మీది ఆక్సిజన్ ఎంత చురుగ్గా ఉందో చెప్పవచ్చు. వైద్యుడు జ్వరం చూసినట్టు ఉత్ప్రేరకానికి జ్వరం చూసే సాధనమన్నమాట. ఆయన ఆలోచన అక్కడికే. చర్యను ముట్టుకోకుండా పక్కన నిలబడి చూడటం.

ఆ సాధనాన్ని చేతబట్టిన వారిలో గ్రీస్ నుంచి అమెరికా వెళ్లిన యువ రసాయన ఇంజనీరు కోస్టాస్ వాయెనాస్ ఒకడు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆయన దగ్గర మైకేల్ స్టూకిడెస్ అనే విద్యార్థి పరిశోధన చేస్తున్నాడు. వాళ్లు ఎంచుకున్నది వెండి పొర మీద ఇథిలీన్, ఆక్సిజన్‌ల చర్య. వెండి మీద ఇథిలీన్‌కు రెండు దారులున్నాయి. ఒక దారిలో పాలిస్టర్ బట్టలకు ముడిసరుకైన ఇథిలీన్ ఆక్సైడ్ అవుతుంది. రెండో దారిలో కాలిపోయి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. ఏ పరిస్థితిలో ఏ దారి పడుతుందో తెలుసుకోవాలని వాళ్ల తపన.

కొన్నాళ్లు వోల్టేజీ కొలుస్తూ వచ్చారు. తర్వాత ఒక చిన్న ఆలోచన వచ్చింది. పింగాణీ ఇచ్చే వోల్టేజీని చదవడం మాని, మనమే దానికి వోల్టేజీ ఇస్తే? అప్పుడు ఆక్సిజన్ అయాన్లు పింగాణీలోంచి వెండి వైపు నడుస్తాయి. ఎన్ని అయాన్లు వస్తాయో, ఎంత కరెంటుకు ఎంత పదార్థమో చెప్పే ఫారడే నియమం ముందే చెప్పేస్తుంది. కరెంటును బట్టి లెక్క కట్టడం కిరాణా కొట్టు పద్దు రాసినంత సులువు. లోపలికి ఒక ఆక్సిజన్ పంపితే బయటికి వచ్చే సరుకులో ఒక ఆక్సిజన్ మాత్రమే ఎక్కువ కనిపించాలి.

పద్దు కుదరలేదు. పంపిన ఆక్సిజన్‌కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ సరుకు బయటికి వచ్చింది. చర్య వేగం ఒక్కటే కాదు, ఇథిలీన్ పట్టే దారి కూడా మారింది.

ఇలాంటి ఫలితం చూస్తే ముందు ఎవరికైనా సాధనం మీదే అనుమానం వస్తుంది. ఎక్కడైనా వాయువు కారుతోందా? కరెంటు వల్ల పొర వేడెక్కిందా? కానీ అంత స్వల్పమైన కరెంటుకు వేడెక్కించే సత్తా లేదు. వోల్టేజీ దిశ మారిస్తే చర్య తీరూ మారుతోంది. వాళ్లు ఆ ఫలితాన్ని 1981లో అచ్చు వేశారు. ఎందుకిలా జరుగుతోందో చెప్పే పూర్తి వివరణ అప్పటికి చేతిలో లేదు.

వాయెనాస్ గ్రీస్‌కు తిరిగి వెళ్లి పాట్రాస్ విశ్వవిద్యాలయంలో చేరాడు. ఆ రేవు పట్నంలో విద్యార్థులను కూడగట్టుకుని ఏళ్ల తరబడి ఇదే పని చేశాడు. వెండి పోయి ప్లాటినం వచ్చింది, ఒక చర్య తర్వాత ఇంకో చర్య వచ్చింది. వెళ్లిన ప్రతిచోటా పద్దు తప్పుతూనే ఉంది. తప్పుతున్న తీరులో మాత్రం ఒక క్రమం కనిపించసాగింది. 1988లో ఈ వింతకు ఒక పొడవాటి పేరు పెట్టారు. ఫారడే లెక్కకు లోబడని విద్యుత్ రసాయన మార్పు అని దాని అర్థం. ఆ మరుసటి ఏడాది వాయెనాస్, ఆయన శిష్యుడు సిమియోన్ బెబెలిస్ ప్రకటించిన ఫలితం చూసినవాళ్లు ఆశ్చర్యపోయారు. 370 డిగ్రీల దగ్గర ప్లాటినం పొర మీద ఇథిలీన్ మండుతోంది. ఒకే ఒక్క మైక్రో ఆంపియర్ కరెంటు పంపారు. చర్య వేగం 26 రెట్లయింది. పింగాణీలోంచి వచ్చిన ప్రతి ఆక్సిజన్ అయానుకు, వాయువులో ఉన్న 74,000 ఆక్సిజన్ పరమాణువులు అదనంగా చర్యలోకి దిగాయి. కుండెడు పాలను గరిటెడు మజ్జిగ తోడు పెరుగు చేసినట్టు, వచ్చిన కొద్ది అయాన్లు పొర తీరునే మార్చేశాయి.

చిక్కుముడి విప్పే దారం ఆ ప్రయోగపు గీతలోనే ఉంది. స్విచ్ వేయగానే చర్య వేగం ఒక్కసారిగా ఎగబాకలేదు. నిమిషాల తరబడి నెమ్మదిగా పైకెక్కి, ఒకచోట నిలిచింది. స్విచ్ తీస్తే మళ్లీ అంతే తీరిగ్గా కిందికి దిగింది. పని చేస్తున్నది కరెంటు ఒక్కటే అయితే రెప్పపాటులో జరగాలి. ఎందుకింత ఆలస్యం?

పాట్రాస్ బృందం ఒక చిన్న లెక్క వేసింది. ప్లాటినం తలం మీద పరమాణువులు కూర్చోగల చోట్లు ఎన్ని? ఆ కరెంటుతో సెకనుకు ఎన్ని అయాన్లు వస్తున్నాయి? మొదటి సంఖ్యను రెండోదానితో భాగిస్తే, తలం మొత్తం నిండటానికి పట్టే సమయం వస్తుంది. ప్రయోగంలో కనిపించిన ఆలస్యం సుమారుగా అంతే! అయాన్లు పింగాణీ అంచు దాటి బయటికొచ్చి, లోహం మీద చీమల బారులా పరుచుకుంటున్నాయి. అలా వచ్చిన ఆక్సిజన్ తొందరపడి చర్యలో ఖర్చు కాదు. తన ఆవేశంతో లోహపు ఎలక్ట్రాన్లను ప్రభావితం చేస్తూ అక్కడే నిలుస్తుంది. దాంతో గాలి నుంచి వచ్చి లోహాన్ని అంటిపెట్టుకున్న మామూలు ఆక్సిజన్ పట్టు సడలుతుంది. పట్టు సడలిన ఆక్సిజన్ ఇథిలీన్‌తో చప్పున కలుస్తుంది.

1990లో వాయెనాస్, బెబెలిస్, లాడాస్ కలిసి 'నేచర్' పత్రికలో ఈ సంగతిని మరింత గట్టిగా చెప్పారు. లోహం నుంచి ఎలక్ట్రాన్‌ను బయటికి లాగడానికి కావలసిన శక్తి మారే కొద్దీ, చర్య వేగం అనేక రెట్లలో మారుతోందని కొలిచి చూపారు. ఆ తర్వాతి ఏళ్లలో ఎక్స్-కిరణాలతో చూస్తే పింగాణీ నుంచి వచ్చి లోహం మీద పరుచుకున్న ఆ రెండో రకం ఆక్సిజన్ జాడ దొరికింది. కర్మాగారాల్లో ఉత్ప్రేరకానికి జోడుగా పొటాషియం లాంటివి కలపడం పాత అలవాటే. ఒకసారి కలిపితే అది అంతే. పాట్రాస్‌లో దొరికిన జోడు మాత్రం స్విచ్‌తో వస్తుంది, స్విచ్‌తో పోతుంది.

ఇంత చేసినా కొలిమి చల్లారలేదు. ఆక్సిజన్ అయాన్లు నడవాలంటే ఆ పింగాణీకే కొన్ని వందల డిగ్రీల వేడి కావాలి. పైగా ఇదంతా ఒక బిళ్ల మీద పూసిన లోహపు పొర కథ. కర్మాగారంలో ఉత్ప్రేరకం గుళికల రూపంలో, బస్తాలకొద్దీ ఉంటుంది. ప్రతి గుళికకూ తీగ కలపలేం కదా. 2004 నాటికి పాట్రాస్‌లో పలకలను వరసగా పేర్చి రెండు తీగలతోనే నడిపే పరికరం తయారుచేశారు. ప్రయోగశాల నుంచి బయటికి పడిన గట్టి అడుగు అది. అయినా దూరం చాలా మిగిలింది.

1981 నాటి విద్యార్థి స్టూకిడెస్ కూడా ఊరుకోలేదు. థెస్సలొనీకి విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై, ఆక్సిజన్‌కు బదులు ప్రోటాన్లను, అంటే ఎలక్ట్రాన్ పోయిన హైడ్రోజన్‌ను నడిపించే పింగాణీని పట్టుకున్నాడు. 1998లో మార్నెల్లోస్‌తో కలిసి 'సైన్స్' పత్రికలో ప్రకటించిన ప్రయోగంలో, మామూలు వాతావరణ పీడనం దగ్గరే అమ్మోనియా తయారైంది. కరెంటు మోసుకొచ్చిన హైడ్రోజన్‌లో 78 శాతం అమ్మోనియాగా మారింది. హేబర్ కాలం నుంచి వదలని ఒత్తిడి బరువు ఒక్క దెబ్బతో దిగిపోయింది. కానీ పింగాణీని నడిపించడానికి 570 డిగ్రీలు కావలసి వచ్చింది, తయారైన సరుకు చాలా స్వల్పం. ఒక తలుపు తెరుచుకుంటే ఇంకో తలుపు మూసుకుంది.

మూసుకున్న ఆ తలుపును జపాన్‌లో మరో వైపు నుంచి తట్టారు. టోక్యోలోని వసెడా విశ్వవిద్యాలయంలో యసుషి సెకినే బృందం మొదట నడిచింది మెరుపుల దారి. మీథేన్ లాంటి మొండి వాయువులో విద్యుత్ మెరుపు పుట్టిస్తే అణువులు విడిపోతాయి. ఆ మెరుపు మధ్యలో ఉత్ప్రేరకం పెట్టి చూశారు. చర్య సాగింది కానీ మెరుపుకు శక్తి చాలా ఖర్చవుతుంది. ఆ పనిలో ఉండగానే ఒక సంగతి బయటపడింది. తగిన ఉత్ప్రేరకం ఉంటే మెరుపు లేకుండానే, కొద్ది మిల్లీ ఆంపియర్ల కరెంటుతోనే చర్య సాగే స్థితి ఒకటుంది. గుళికల మధ్య రెండు ఎలక్ట్రోడ్లు ఉంచితే చాలు. బిళ్ల అక్కర్లేదు, ప్రతి గుళికకూ తీగ అక్కర్లేదు. 2010లో వాళ్లు ప్రకటించిన ఫలితాల ప్రకారం, నీటి ఆవిరితో మీథేన్ నుంచి హైడ్రోజన్ రాబట్టే చర్య 150 డిగ్రీల దగ్గరే నడిచింది. కర్మాగారంలో 700 డిగ్రీలు దాటాల్సిన పని అది!

ఇక్కడా పద్దు తేలలేదు. సాగిన చర్యకూ పంపిన కరెంటుకూ పొంతన లేదు. కారణం వెతకడానికి మళ్లీ ఏళ్లు పట్టింది. మూడు ఆనవాళ్లు దొరికాయి. వేడి తగ్గిస్తే చర్య మందగించాలి కదా, ఇక్కడ కొంత మేర వేడి తగ్గే కొద్దీ చర్య పెరిగింది. హైడ్రోజన్‌కు బదులు దానికి రెట్టింపు బరువున్న డ్యుటీరియం వాడితే మామూలుగా నెమ్మదించాలి, ఇక్కడ వేగం పెరిగింది. పరారుణ కాంతితో తలాన్ని పరిశీలిస్తే, గుళికల మీద నీటి అణువులు పలచటి పొరగా కనిపించాయి.

మూడూ కలిపి చదివితే కథ తేటపడింది. వేడి తగ్గితే గుళికల మీద నీరు ఎక్కువ నిలుస్తుంది. కరెంటు పెట్టినప్పుడు ఆ నీటి పొర వెంట ప్రోటాన్లు ఒక అణువు నుంచి పక్క అణువుకు దూకుతూ పోతాయి. స్లాబు వేసే రోజు కూలీలు వరసగా నిలబడి కంకర గమేళాలు చేతులు మార్చుకున్నట్టే. మనుషులు కదలరు, గమేళా మాత్రం పైకి చేరుతుంది. నీటిలో కరెంటు ఇలా చేతులు మారుతూ పోతుందని 1806లోనే గ్రోట్‌హస్ అనే యువకుడు ఊహించాడు. వసెడాలో ఆ ఊహ ఘనపదార్థపు పైతలం మీద పనికొచ్చింది. దూకుతూ వచ్చిన ప్రోటాన్, గుళిక మీది లోహపు రేణువు అంచున కూర్చున్న మీథేన్‌ను ఢీకొట్టి దాని బంధాన్ని వదులు చేస్తుంది. బరువైన డ్యుటీరియంతో వేగం పెరగడం కూడా ఈ ఢీకొట్టడానికే సాక్ష్యంగా నిలిచింది. 2016లో ఈ వివరణ అచ్చయింది.

కారణం తెలిశాక ఉత్ప్రేరకాన్ని తడుముకుంటూ వెతకనవసరం లేదు, కావలసినట్టు రూపొందించవచ్చు. లోహాన్ని మోసే పదార్థం పూర్తి అవరోధకం కాకూడదు, లోహంలా కరెంటును వదిలేయకూడదు కూడా. ప్రోటాన్లు పరుగెత్తడానికి తలం మీద బాట ఉండాలి. ఆ బాట లోహపు రేణువు అంచున ముగియాలి. ఈ ఆలోచనతోనే స్ట్రాన్షియం జిర్కోనేట్ మీద రుథేనియం, దానికి సీసియం జోడించి 2017లో అమ్మోనియా వైపు వెళ్లారు. మామూలు పద్ధతిలో నైట్రోజన్ మూడు బంధాలూ ముందుగా తెగాలి. ఇక్కడ ప్రోటాన్ నేరుగా వెళ్లి నైట్రోజన్ అణువు మీద వాలుతుంది, ఆ పట్టు నెమ్మదిగా సడలుతుంది. 9 వాతావరణ పీడనాల దగ్గర, హేబర్ కొలిమికన్నా చాలా తక్కువ వేడిలో, గ్రాము ఉత్ప్రేరకం మీద గంటకు 30 మిల్లీమోళ్లు, అంటే సుమారు అర గ్రాము అమ్మోనియా వచ్చింది.

అర గ్రాము అంటే చిటికెడు కూడా కాదు, పొలానికి ఏ మూలకూ చాలదు. రామగుండంలో మంట ఇంకా మండుతూనే ఉంది. అయినా ఈ దారి మీద ఆశ పెట్టుకోవడానికి కారణముంది. పెద్ద కొలిమిని రాజెయ్యడానికీ ఆర్పడానికీ చాలా కాలం పడుతుంది, అందుకే అది రాత్రింబగళ్లు ఆగకుండా నడవాలి. స్విచ్‌తో మేల్కొనే ఉత్ప్రేరకమైతే ఎండ కాసినంతసేపు, గాలి వీచినంతసేపు వచ్చే కరెంటుతో పని చేసి, తర్వాత విశ్రాంతి తీసుకోగలదు.

ఇప్పుడు ఈ పనిలో ఉన్నవాళ్ల చూపంతా ఒక సన్నటి గీత మీదే ఉంది. లోహం ముగిసి పింగాణీ మొదలయ్యే చోటు అది. పాట్రాస్‌లో ఆక్సిజన్ ఆ గీత దాటే బయటికి వచ్చింది, వసెడాలో ప్రోటాన్ ఆ గీత దగ్గరే మీథేన్‌ను తాకింది. కరెంటు తగిలిన లోహతలానికి శక్తి మారుతుందా అన్న అనుమానంతో ఫారడే ప్లాటినం రేకులను కడిగి, కాల్చి చూసి రెండు వందల ఏళ్లు కావస్తోంది. తీగలు విప్పాక కూడా ఆయన గొట్టం దగ్గరే నిలబడి, లోపల నీటిమట్టం పెరగడాన్ని గమనించి ఉండకపోతే, ఈ కథకు మొదటి వాక్యమే ఉండేది కాదు.